ఖాజాగూడ గుట్టల నుంచి అనంతగిరి దాకా: రాళ్ల కోసం ఒక తిరుగుడు

హైదరాబాద్‌లో మీకు ఒక్క పూటే టైముంటే, మిగతావన్నీ వదిలేసైనా సరే, ఖాజాగూడ గుట్టలు ఎక్కండి. మా అక్క కూతురికి స్కూల్లో భూమి పొరలు, పలకల (అంటే భూమి గట్టి పైపొర విడిపోయిన పెద్ద పెద్ద ముక్కల) కదలిక, అగ్నిపర్వతాల పాఠాలు అయ్యాయి. ఆ పిల్లకి పుస్తకంలో బొమ్మలు కాకుండా అసలు రాయిని చూపిద్దామని బయల్దేరాం.

రాయదుర్గం దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటో. "ఏముంది సార్ ఆడ, రాళ్లే గదా" అన్నాడు ఆటో అతను. ఆ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు! నేల లోపల చాలా లోతులో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా గట్టిపడి గ్రానైట్ అయింది. పైనున్న నేలంతా కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయాక ఇప్పుడు మన కాళ్ల కింద తేలింది. విరిగిన అంచు దగ్గర కూర్చుని చూస్తే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, నల్లని అభ్రకం, మూడూ విడివిడిగా కనిపిస్తాయి. నెమ్మదిగా చల్లారింది కాబట్టే స్ఫటికాలు కంటికి ఆనేంత పెద్దవయ్యాయి. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లను ఎవరో పేర్చారనిపిస్తుంది గానీ, అవి ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు. బండలో పగుళ్ల వెంట నీరు దిగి, మూలలు అరిగి, ఉల్లిపొరల్లా పైపొరలు ఊడిపోగా అక్కడికక్కడే గుండ్రంగా మిగిలాయి.

టికెట్ లేదు. నీడ లేదు, మంచినీళ్లు లేవు, దారి చూపే బోర్డు కూడా లేదు. నాకు కడుపు మండేది మాత్రం వేరే సంగతి. గుట్ట చుట్టూ అపార్టుమెంట్లు, కింద చెత్త కుప్పలు, గుండ్ల మీద పెయింటు రాతలు. నగరంలో ఇలాంటి గుట్టలు ఎన్నో ఇప్పటికే కంకరైపోయాయి. 1996 నుంచి ఇక్కడ రాళ్లను కాపాడే సొసైటీ ఒకటి పనిచేస్తోంది, వాళ్లకి చెయ్యెత్తి మొక్కాలి. పగలగొట్టిన గుట్టను ఏ హరితహారమూ తిరిగి మొలిపించలేదు.

గోల్కొండదీ ఇదే గ్రానైట్ కాబట్టి రాయి కోసమని విడిగా వెళ్లనక్కర్లేదు. నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియం మాత్రం పిల్లలుంటే తప్పకుండా చూడాల్సిందే. అక్కడి కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం మన యామన్‌పల్లి దగ్గర గోదావరి లోయలో దొరికిన ఎముకలతో నిలబెట్టింది. 1988లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. అది బతికినది జురాసిక్ కాలంలో, అంటే ఈ గ్రానైట్‌కీ, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో కనిపించే లావాకీ మధ్య. అందుకే ముందు గుట్టలు, తర్వాత మ్యూజియం, ఆఖర్న అనంతగిరి చూస్తే కాలం వరుస పిల్లలకి బాగా పట్టుబడుతుంది.

అనంతగిరికి రైల్లో వికారాబాద్ దాకా వెళ్లి ఆటో మాట్లాడుకోవచ్చు. నా సలహా మాత్రం కారే. ఎందుకంటే అసలు సంగతి దారిలోనే ఉంది. చేవెళ్ల రోడ్డు మీద ఆ పాత మర్రిచెట్ల కింద నుంచి పోతూ పక్క పొలాలు గమనించండి. గ్రానైట్ నేల ఎర్రమట్టి. పోను పోను గుండ్లు తగ్గి, నల్లరేగడి మొదలవుతుంది. అదే దక్కన్ లావా అంచు.

"అగ్నిపర్వతం ఏది మామయ్యా?" అని మా పిల్ల కొండ శిఖరం కోసం వెతికింది. శిఖరం ఉండదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొడవాటి పగుళ్లలోంచి ఉబికి, పొర మీద పొరగా పరుచుకుంది. అందుకే ఈ కొండల నెత్తి బల్లపరుపుగా ఉంటుంది. ఆ లావా ఈనాటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేలను కప్పి ఉంది. పడమటి కనుమల్లో దాని మందం ఎక్కువ, మన వైపు వచ్చేసరికి పలచబడి ఆగిపోయింది. అప్పట్లో మన పలక ఉత్తరానికి పరుగెడుతూ, ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఉన్న వేడి చోటు (నేల లోతుల్లోంచి శిలాద్రవం ఉబికే చోటు) మీదుగా వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. రీయూనియన్‌లో అగ్నిపర్వతం ఇంకా బద్దలవుతూనే ఉంది. మన పలక ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోంది. రోడ్డు పక్క కోతలో బసాల్ట్, అంటే గట్టిపడ్డ లావా రాయి, ముక్క ఒకటి చేతికిచ్చాను. నల్లగా, బరువుగా, స్ఫటికం కంటికి ఆనకుండా ఉంది. త్వరగా చల్లారిందని ఆ పిల్లే చెప్పేసింది.

భూకంపాల మాటా వచ్చింది. పలకల అంచుకి దూరంగా ఉన్నాం కాబట్టి మనకి ముప్పు తక్కువే గానీ, అసలు లేకపోలేదు. హిమాలయాల దగ్గర మన పలక పక్క పలకను నెట్టే ఒత్తిడి లోపలిదాకా వచ్చి పాత పగుళ్లను కదిలిస్తుంది. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన భూకంపానికి మట్టితో కట్టిన బరువైన రాతిగోడలు కూలి వేలమంది పోయారు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు వైపు 5.3 తీవ్రతతో వచ్చినది హైదరాబాద్‌లోనూ తెలిసింది.

బస మీద ఒక మాట. మేం దిగిన ప్రైవేటు రిసార్టులో గది శుభ్రంగానే ఉంది, జొన్నరొట్టె, కోడికూర చాలా బాగున్నాయి. కానీ అర్ధరాత్రి దాకా డీజే, అడిగినా తగ్గించలేదు. అడవి చప్పుళ్లు వినాలనుకుంటే బుక్ చేసేముందే పాటల సంగతి అడగండి, లేదా పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయండి. వానలు తగ్గాక అక్టోబరులో వెళ్తే రాతికోతలు కడిగినట్టుంటాయి, మూసీ పుట్టే చోటు కూడా చూసి రావచ్చు. వారాంతాల్లో మాత్రం వద్దు, ఘాట్‌రోడ్డు మీద కార్లే కార్లు.