గ్లాస్టర్ ఇ.28/39, 1/72 కిట్: కష్టమంతా ముక్కు దగ్గరే

1941 మే 15న ఇంగ్లండ్‌లోని క్రాన్‌వెల్‌లో టెస్ట్ పైలట్ జెర్రీ సేయర్ 17 నిమిషాలు ఎగరేసిన విమానం ఇది. బ్రిటన్ మొదటి జెట్, లోపల ఇంజినీర్ ఫ్రాంక్ విటిల్ రూపొందించిన డబ్ల్యూ.1 ఇంజిన్. ఇంత ముఖ్యమైన విమానానికి కిట్లు దొరకడమే అరుదు కాబట్టి, అసలు విమానంలో 72వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్ చేసుకునే ఈ షార్ట్-రన్ (తక్కువ సంఖ్యలో తయారైన) కిట్‌ లోపాలు తెలిసి కూడా కొనమనే చెబుతాను. మొదటి మోడల్‌గా మాత్రం వద్దు.

పెట్టెలో రెండు ప్లాస్టిక్ స్ప్రూలు (భాగాలు అతుక్కుని ఉండే చట్రాలు), రెసిన్ కాక్‌పిట్, పలచటి ప్లాస్టిక్‌తో చేసిన రెండు వాక్యూమ్‌ఫార్మ్ కానొపీలు (కాక్‌పిట్ మీది పారదర్శక మూతలు), డెకాల్ (అతికించే గుర్తుల) షీట్ ఉంటాయి. కొలతలు బాగున్నాయి: అసలు రెక్కల వెడల్పు 8.84 మీటర్లు, అంటే 1/72లో 122.8 మి.మీ.; కిట్‌లో 122 వచ్చింది.

అసలు పరీక్ష ముక్కు రంధ్రం దగ్గర మొదలవుతుంది. నిజం విమానంలో అక్కడ దూరిన గాలి రెండు పాయలై, కాక్‌పిట్‌కు చెరోవైపు నుంచి వెనకున్న ఇంజిన్‌కు చేరుతుంది. కిట్ ఇచ్చింది 3 మి.మీ. లోతు గుంట మాత్రమే. దాన్ని తొలిచి, మధ్యలో 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీట్‌తో గోడ నిలబెట్టి, లోపలంతా నలుపు వేస్తే లోతు కనిపిస్తుంది. రంధ్రం అంచు కూడా మందం. ఫ్యూజిలేజ్ (విమానం మొండెం) సగాలు అతికించక ముందే లోపలి వైపు నుంచి గీకి పలచన చేయాలి. అతికించాక గీకితే రంధ్రం గుండ్రంగా రాదు.

ముక్కు కింద ఒకటి ఉన్న మూడు చక్రాల ల్యాండింగ్ గేర్ కాబట్టి ముందు బరువు లేకపోతే మోడల్ తోక మీద కూర్చుంటుంది. బరువు పెట్టాల్సిన చోటునేమో గాలి గొట్టం తినేసింది! మిగిలింది కాక్‌పిట్ నేల కింద, ముందు చక్రం గూడు మీద ఉన్న కాస్త సందు. అక్కడ 5-6 గ్రాముల టంగ్‌స్టన్ పుట్టీ కూరండి. సీసపు గుళ్లే వాడాల్సి వస్తే ఎపాక్సీతో బిగించండి. తెల్ల జిగురుతో సీసం మెల్లగా తుప్పు పట్టి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు అతుకు చీలిపోతుంది. మూసేముందు టేపుతో అన్నీ నిలబెట్టి చూడటం తప్పనిసరి.

రెక్కలకు పిన్నులు లేవు. 0.8 మి.మీ. ఇత్తడి తీగ రెండేసి ముక్కలు దించితేనే అతుకు నిలుస్తుంది. వెనక అంచులను లోపలి వైపు నుంచి 400 నంబరు గరుకు కాగితంతో అరగదీయండి. కానొపీకి తెల్ల జిగురే వాడండి; సూపర్‌గ్లూ ఆవిరికి అది మసకబారుతుంది.

అడుగు భాగం పసుపు. బూడిద ప్లాస్టిక్ మీద నేరుగా వేస్తే ఆకుపచ్చ ఛాయతో మురికిగా కనిపిస్తుంది. తెల్ల ప్రైమర్ కొట్టి, పసుపు నాలుగు పలుచటి పూతలు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, మాస్క్ చేశాకే పైన గోధుమ, ఆకుపచ్చ వేయాలి.

సూచనల కాగితంలో ఒక తప్పు నన్ను బాగా బాధపెట్టింది: మొదటి ప్రయాణపు రూపానికి కూడా తోకకు చిన్న అదనపు ఫిన్‌లు (నిలువు రెక్కలు) అతికించమంటుంది. అవి తర్వాతి పరీక్షల కాలంలో వచ్చినవి. 1941 రూపం చేస్తుంటే వాటిని వదిలేసి, పక్కలకు వెడల్పు పసుపు వలయం ఉన్న రౌండెల్స్ (బ్రిటిష్ వైమానిక దళపు గుండ్రటి గుర్తులు) తీసుకోండి. పసుపు వలయం సన్నబడింది 1942లో. డెకాల్స్ కింద మెరిసే (గ్లాసీ) వార్నిష్ లేకపోతే విమానం నంబరు డబ్ల్యూ4041 అక్షరాల చుట్టూ వెండి మెరుపు వస్తుంది.