తట్టును ఆపింది, గవదబిళ్ళల లెక్కనూ తగ్గించింది: ఒక యాంటీసీరం గురించి

టీకాల నాణ్యతను పరీక్షించే ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎంఎంఆర్ టీకా బలాన్ని కొలవడానికి ఈ ఏడాది కొత్త సరఫరాదారు దగ్గర రెండు యాంటీసీరాలు (ఒక వైరస్‌ను పట్టి ఆపే ప్రతిరక్షకాలున్న ద్రవాలు) కొన్నాం, తట్టుకు ఒకటి, గవదబిళ్ళలకు ఒకటి. కొనే ఆలోచనలో ఉన్నవారు ఇది చదవాలి.

ఎంఎంఆర్ సీసాలో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా అనే మూడు సజీవ వైరస్‌లు కలిసి ఉంటాయి. తట్టు, గవదబిళ్ళల వైరస్‌లు రెండూ వీరో కణాల్లో (ల్యాబ్‌లో పెంచే కోతి మూత్రపిండ కణాలు) పెరుగుతాయి, రెండూ కణాలను ఒకదానితో ఒకటి కలిపి ముద్దలు చేస్తాయి. మైక్రోస్కోపులో చూసి ఏ ముద్ద ఏ వైరస్‌దో చెప్పలేం. అందుకే గవదబిళ్ళల వైరస్‌ను లెక్కించేటప్పుడు మిగతా రెండింటినీ యాంటీసీరంతో అణచివేస్తాం.

గవదబిళ్ళల సీరం చాలా బాగుంది. అడిగినంత పని చేసింది, దేన్నీ చెడగొట్టలేదు.

తట్టు సీరంతోనే చిక్కు వచ్చింది. తట్టు వైరస్‌ను పూర్తిగా ఆపుతుందని పత్రంలో రాశారు, అది నిజమే. కానీ పదో రోజున ప్లేటు చూస్తే, ఎప్పుడూ 4.3 లాగ్ (పది ఘాతాల్లో చెప్పే లెక్క, 1 తగ్గితే వైరస్ పదో వంతే మిగిలినట్టు) దగ్గర నిలకడగా ఉండే మా రిఫరెన్సు టీకాలో, అంటే పోలిక కోసం వాడే టీకాలో, గవదబిళ్ళల లెక్క 3.9కి దిగింది. అంటే నూటికి అరవై వైరస్‌లు లెక్కకు రాలేదు. మొదట కణాలను అనుమానించాను, తర్వాత నా చేతిని. మళ్లీ చేసినా అంతే. చివరికి గవదబిళ్ళల వైరస్ ఒక్కదాన్నే తీసుకుని, సగం ప్లేటులో ఈ సీరం వేసి, సగంలో వేయకుండా చూశాను. సీరం ఉన్న సగంలోనే లెక్క పడిపోయింది.

మందుల నాణ్యతా ప్రమాణాలు చెప్పే యూరోపియన్ ఫార్మకోపియా ప్రకారం మోతాదుకు గవదబిళ్ళల వైరస్ కనీసం 3.7 లాగ్ ఉండాలి. 4.0 ఉన్న మంచి బ్యాచ్‌కు కూడా ఈ సీరంతో 3.6 వస్తుంది. పిల్లలకు చేరాల్సిన మందు ఏ లోపమూ లేకుండానే పారబోయాల్సి వస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరఫరాదారుకు ఫలితాలు పంపితే మూడు వారాలకు ఆ సీరంలోనే వేరే లాట్ (విడిగా తయారైన విడత) ఇచ్చారు. దానితో తేడా 0.1 లోపే ఉంది. అయితే మిగతా వైరస్‌ల మీద ప్రభావాన్ని పరీక్షించారా అని రెండుసార్లు అడిగినా జవాబు లేదు. ఆ ఒక్క వివరం పత్రంలో ఉంటే మాకు నెల రోజులు కలిసొచ్చేవి.

గవదబిళ్ళల సీరం మళ్లీ కొంటాను. తట్టు సీరం మాత్రం ముందు నమూనా తెప్పించుకుని, గవదబిళ్ళల వైరస్‌తో విడిగా పరీక్షించాకే కొనండి. లాట్ నచ్చితే ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకుని, చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచుకోండి.