చలికాలం చెరువు గాలానికి టెలిస్కోపిక్ రాడ్: కొన్నేళ్లు వాడాక

గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి జరిగి మడిచే ఏడడుగుల ఫైబర్ గ్లాస్ టెలిస్కోపిక్ రాడ్, దానికి దారం చుట్టే 3000 సైజు స్పిన్నింగ్ రీల్. రెండూ కలిపి రెండు వేల లోపే అయ్యాయి. హనుమకొండ, ములుగు వైపు చెరువుల మీద కొన్నేళ్లుగా ఇదే వాడుతున్నాను. అన్ని కాలాల్లోనూ పనిచేసింది గానీ, దీని విలువ తెలిసేది మాత్రం డిసెంబర్, జనవరి నెలల్లో దోస్తులతో చెరువు ఒడ్డున కూర్చున్నప్పుడే.

ఎందుకో చెప్పాలంటే ముందు చలికాలపు చేప సంగతి చెప్పాలి. చేపకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. నీళ్లు చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుతుంది, అరుగుదల తగ్గుతుంది, ఆకలి తగ్గుతుంది. వానాకాలంలో ఎరను పట్టుకుని దారం లాక్కుపోయే రవ్వ (రోహు), చలికి నోటి చివరతో చప్పరించి వదిలేస్తుంది. దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు మునగదు, కొంచెం పక్కకు వాలుతుందంతే. మొద్దు కర్రతో ఆ కదలికకు తగ్గట్టు లేపడం కష్టం. గట్టిగా గుంజితే చేప పెదవి చిరిగి పోతుంది. ఈ రాడ్ కొన సన్నగా, మెత్తగా ఉంటుంది. మణికట్టు తిప్పితే చాలు, గాలం దిగుతుంది, ఆ తర్వాత చేప విదిలించినా కొన వంగి ఆ ఊపును తీసుకుంటుంది. చెరువు చేపకు గట్టి రాడ్ కావాలని చాలామంది అంటారు. చలికాలానికి మాత్రం నేను ఒప్పుకోను.

బెండు కూడా ఈ రాడ్‌తో పాటు వచ్చిన లావు ప్లాస్టిక్‌ది వాడొద్దు. జొన్న సొప్ప లోపలి బెండు వేలెడు ముక్క కోసి వాడతాం. తేలిక కాబట్టి చిన్న తాకిడికే కదులుతుంది. దారానికి బరువుగా కట్టే సీసం కూడా బెండు సగానికి పైగా మునిగేంత పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఎరగా గోధుమపిండి, తవుడు, దంచిన పల్లిచెక్క కలిపిన ముద్ద. బంగారుతీగకైతే ఎర్రలు (వానపాములు). చలికి ముద్ద బఠాణీ గింజంత చాలు, పెద్దది పెడితే ముట్టుకోవు.

ఇంకో మంచి విషయం, ఈ కాలంలో తెల్లవారుజామున లేచి పరుగెత్తే పని లేదు. మంచు విడిపోయి, పది దాటి ఎండ నీళ్లకు తగిలాకే చేప కదులుతుంది. మధ్యాహ్నం మూడింటి దాకా మంచి సమయం. మన దగ్గర పగలు 28, 30 డిగ్రీలు ఉంటుంది, గొడుగు లేకుండా రోజంతా కూర్చోవచ్చు. కట్ట దగ్గర నీళ్లు లోతు, త్వరగా వేడెక్కవు. అందుకే మేం శిఖం వైపు, అంటే కట్టకు దూరంగా, నీళ్లు పలుచగా ఉండి ఎండ బాగా పడే చోటు చూసుకుంటాం. ఫ్లాస్కులో చాయ్, పొద్దున చేసిన సర్వపిండి ఉంటాయి. మడిస్తే రాడ్ మూరెడు అవుతుంది కాబట్టి బండి మీద ముగ్గురి సామాను ఒక్క సంచిలో పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పడానికీ ఇదే తేలిక. "అన్నా, బెండు పోతుంది, పోతుంది" అని అరుస్తుంటే "ఆగు తమ్మీ, వాలనియ్యి" అని పక్కన కూర్చుని చెప్పడం నాకు చేప పట్టినంత ఇష్టం.

లోపాలూ ఉన్నాయి. ఒకదాంట్లోకి ఒకటి జరిగే గొట్టాల మధ్య ఒండ్రు, ఇసుక చేరితే ఇరుక్కుపోతాయి. గుంజితే పగులుతాయి. రెండు చేతులతో ఎదురెదురుగా మెలితిప్పితే వస్తాయి. మడిచే ముందు తడి గుడ్డతో తుడిస్తే ఈ బాధ చాలావరకు ఉండదు. మడిచేటప్పుడు దారం వదులు చేయాలి, బిగువు మీద మడిస్తే కొన విరుగుతుంది. నాది ఒకసారి విరిగింది. కొన్న చోట కొన విడిగా అడిగితే కొత్త రాడ్ కొనమన్నారు. ఇన్నేళ్లలో నాకు చిరాకు తెప్పించింది అదొక్కటే. రీల్‌తో వచ్చిన దారం తీసేసి 0.30 మిల్లీమీటర్ల నైలాన్ చుట్టుకున్నాను. నైలాన్ ఎండకు బలం కోల్పోతుంది, ఏడాదికోసారి మార్చాలి. ముడి బిగించే ముందు తడపాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికే బలహీనపడుతుంది.

మా దోస్తు దగ్గర కార్బన్ రాడ్ ఉంది. తేలిక, చేతికి తాకిడి బాగా తెలుస్తుంది, ధర ఎక్కువ. కానీ కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన చెరువుల పక్కన పొలం మోటార్లకు పోయే తీగలు చేతికందేంత కిందికి వేలాడుతుంటాయి. అలాంటి చోట కార్బన్ రాడ్ ఎత్తి విసరడం ప్రాణం మీదికి వస్తుంది. ఫైబర్ గ్లాస్‌లో కరెంటు పారదు గానీ, తడిసినప్పుడు దాన్నీ నమ్మొద్దు. ముందు తల పైకెత్తి చూసి, తర్వాత రాడ్ తెరవండి.

కొర్రమీను కోసమైతే ఇది కొనొద్దు. మన రాష్ట్ర చేప అది, గడ్డిలో, గుర్రపుడెక్కలో దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగాలంటే గట్టి రాడ్, అల్లిన దారం కావాలి.

ఎక్కడికి పోవాలన్నది కూడా ముఖ్యమే. ఊరి చెరువులో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీది. చేప పిల్లలు వదిలి, పెంచి, నీళ్లు తగ్గాక పట్టి అమ్ముకునేది వాళ్లే. అడిగి, వాళ్లు చెప్పింది ఇచ్చి కూర్చుంటే ఎవరూ కాదనరు, పైగా ఏ పక్క ఏ చేప తిరుగుతుందో వాళ్లే చెబుతారు. మేం కూరకు సరిపోయేంత ఉంచుకుని చిన్నవన్నీ నీళ్లలో వదిలేస్తాం. పాకాల చెరువు అభయారణ్యంలోది కాబట్టి అక్కడికి గాలం తీసుకుపోవద్దు. రామప్ప చెరువు కాకతీయుల కాలం నుంచి ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది, గుడి చూసి ఆ కట్ట మీద నడిచి రండి చాలు.

రవ్వ నడిమి నీళ్లలో, మ్రిగాల, బంగారుతీగ అడుగున, బొచ్చె పైనీళ్లలో మేస్తాయి కాబట్టి బెండును ఏ లోతుకు కట్టారన్నది చాలా తేడా చేస్తుంది. బెండు దారానికి కదలకుండా కడితే రాడ్ పొడవు కంటే లోతుకు ఎర దింపడం కుదరదు, విసరలేం. లోతుకు పోవాలంటే జారే బెండు పెట్టి, పైన నూలు ముడి ఒకటి ఆపుగా వేసుకోవాలి. చలికి వేళ్లు మొద్దుబారిన పొద్దుటి పూట ఆ ముడి వేయడం ఇబ్బంది. అందుకే ఇప్పుడు కొనేవాళ్లకు ఏడడుగులు కాకుండా తొమ్మిదడుగులది చెబుతాను. సంక్రాంతిలోపు నేను కొనబోయేదీ అదే, ఇదే ఫైబర్ గ్లాస్‌లో.