శృంగవరపుకోట కొండల్లో అడవి పండ్ల వెంట

అడవి పండ్లను సంతలో కాకుండా చెట్టు మీదే చూసి గుర్తుపట్టాలనుకునేవాళ్లు వేసవి చివర్లో విజయనగరం జిల్లా శృంగవరపుకోటలో దిగడం మేలు. అరకు వెళ్లేవాళ్లలో చాలామంది ఈ ఊళ్లో టీ తాగి సాగిపోతారు. మేము ఇక్కడే బస చేశాం. ఇంగ్లండ్ నుంచి సెలవులకు వచ్చిన మా మేనకోడలే అందుకు కారణం.

ఆమెకు అక్కడి ఎల్డర్ చెట్లంటే ప్రాణం. పొలాల కంచెల వెంట పెరిగే మామూలు ఎల్డర్‌ను ఎవరైనా పోల్చుకుంటారు. ఒక్కో ఈనెకు ఐదో ఏడో చిన్నాకులు, మీగడ రంగు పూల గుత్తులు, తరవాత నల్లటి చిన్న పండ్లు. తోటల్లో పెంచే రకాలతోనే తికమక. కొన్నింటికి ఆకు ముదురు ఊదా రంగు, కొన్నింటికి సన్నటి చీలికలు. చూడటానికి వేరే చెట్టులా ఉన్నా జాతి ఒకటే కాబట్టి, బాగా పండిన పండ్లను ఉడికించి వాడుకోవచ్చు. అదే చెట్టు ఆకుల్లో, కొమ్మల్లో, పచ్చికాయల్లో సయనైడ్‌ను పుట్టించే పదార్థాలు ఉంటాయి. పొట్టి ఎల్డర్ అని మరొకటి ఉంది. అది ఏటా ఎండిపోయి మళ్లీ మొలిచే మొక్క, దాని పండ్లు తినకూడదు. అసలు ఎల్డర్ గుత్తులు పండాక బరువుకు కిందికి వాలిపోతాయి, దీని గుత్తులు పైకే నిలబడి ఉంటాయి. ఇంత చెప్పి, “అత్తా, మన కొండల్లో ఇలాంటివి ఏమున్నాయి?” అని అడిగింది. మన దగ్గర ఎల్డర్ లేదు. కానీ అంతే జాగ్రత్తగా చూడవలసిన చెట్లు ఎన్నో ఉన్నాయి.

బస గురించి ముందు చెప్పేస్తాను. బస్టాండుకు దగ్గర్లోని ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లకు ఇబ్బంది లేదు, కానీ రాత్రంతా లారీల మోత. కొండకు దగ్గరగా ఉన్న ఒక కాటేజీలో మరో రాత్రి గడిపాం. అద్దె దాదాపు రెట్టింపు, చుట్టూ మామిడి తోపు, హాయిగా ఉంది. అయితే అక్కడ ‘ప్రకృతి నడక’ పేరుతో తీసుకెళ్లిన కుర్రవాడికి చెట్ల పేర్లు తెలియవు. కనబడిన ప్రతి ఎర్రకాయనూ తినవచ్చన్నాడు. ఆ పక్కనే తీగ మీద గురివింద గింజలు మెరుస్తున్నాయి. గురివింద నమిలితే ప్రాణానికే ముప్పు. అతిథులను అడవిలోకి తీసుకెళ్లేవాళ్లకు ఈ ఒక్కటైనా తెలిసి ఉండాలి. నిద్ర కావాలంటే కాటేజీ మంచిదే. చెట్ల కోసం మాత్రం లాడ్జిలో ఉండి, మిగిలిన డబ్బు కొండ ఊరి మనిషికి ఇవ్వండి.

పుణ్యగిరి ఊరికి దగ్గరే, ఆటోలో వెళ్లవచ్చు. శివాలయానికి మెట్లెక్కే దారిలో నీడ ఉంది, కానీ జనం తిరిగే చోటు కావడంతో అందే ఎత్తులో పండు మిగలదు. బొడ్డవర వైపు వెళ్తే రోడ్డు పక్కన ఆకు దొప్పల్లో ఈత పండ్లు, మొర్రి పండ్లు, కలివి పండ్లు అమ్ముతున్నారు. అక్కడ పరిచయమైన ఒక గిరిజన మహిళ మర్నాడు తన ఊరి వెనక కొండకు తీసుకెళ్లడానికి ఒప్పుకుంది. ఒక పూటకు 600 రూపాయలు ఇచ్చాం. ఈ ప్రయాణంలో ఇంతకంటే సార్థకమైన ఖర్చు లేదు.

ఆమె ముందు పండును చూపించలేదు. పొదను చూపించి, ముల్లు ఎక్కడ ఉందో చూడమంది. కలివి కొమ్మకు ఆకులు ఎదురెదురుగా, ముళ్లు జతగా ఉన్నాయి. ఆకు తుంచితే తెల్లటి పాలు చిమ్మాయి. పాలు కారే చెట్టు కాయ విషమని మా మేనకోడలు ఎక్కడో విన్నదట. కలివి ముందు ఆ మాట నిలవదు. పచ్చిగా ఉన్నప్పుడు బంకగా, పుల్లగా ఉండే కాయ నల్లబడేసరికి తియ్యగా మారుతుంది. ఆమె వేలితో నొక్కి, మెత్తబడిన వాటినే మా చేతిలో పెట్టింది.

పక్షి తిన్నది మనమూ తినవచ్చన్న మాట ఇంకా ప్రమాదం. ముష్టి పండు గుజ్జును కొమ్ముకత్తిరి (హార్న్‌బిల్) పిట్టలు తింటాయి. దాని గింజలో ఉండేది స్ట్రిక్నిన్, మనిషిని కొంకర్లు తిప్పి చంపే విషం. మేము వెళ్లినప్పుడు ముష్టి కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కానీ ఆమె ఇంట్లో పాత గింజలు ఉన్నాయి. వసారాలో చాట మీద రెండు రకాలు విడివిడిగా పోసి చూపించింది. ముష్టి గింజ చొక్కా గుండీలా బల్లపరుపుగా ఉంటుంది, బూడిదరంగు నూగు పట్టులా తగులుతుంది. రెండో రకం చిల్లగింజ. చిన్నది, గుండ్రనిది. కుండ లోపలి గోడకు అరగదీస్తే బురదనీళ్లు తేరుకుంటాయి. రెండూ ఒకే కుటుంబంలోని దగ్గరి చుట్టాలు, రెండింటి ఆకులకూ మొదలు నుంచే మూడు నుంచి ఐదు ఈనెలు సాగుతాయి. ఆకు చూసి విడదీయడం కొత్తవాళ్ల వల్ల కాదు. పండితే ముష్టి నారింజ రంగులో, గట్టి పెంకుతో చిన్న బత్తాయంత ఉంటుంది. చిల్ల చిన్నగా, నల్లగా ఉంటుంది.

మూలన బుట్టలో నల్లజీడి కూడా ఉంది. దాన్ని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పైన ఉండే నారింజ రంగు కండను వాళ్లు తింటారు. కింద వేలాడే నల్ల గింజ రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచేవాళ్ల చేతుల సంగతి తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. చాకళ్లు ఒకప్పుడు బట్టల మీద గుర్తులు పెట్టింది ఈ రసంతోనే. ముష్టి, చిల్ల, నల్లజీడి గింజలను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. తినకూడని గింజలు కూడా ఆ ఇంటికి సంపాదనే. అందుకే ఆమె చూపు అంత కచ్చితం అనిపించింది.

తాటిపూడి జలాశయం గురించి ఎక్కువ చెప్పను. గోస్తనీ నది మీద కట్టిన ఈ జలాశయం గట్టున సాయంత్రాలు బాగుంటాయి. మేము వెళ్లిన రోజు పడవలు తిరగలేదు, ఎందుకో చెప్పే నాథుడూ లేడు. అక్కడ మధ్యాహ్నం భోజనం దొరుకుతుందని నమ్ముకోవద్దు, శృంగవరపుకోటలో తిని బయల్దేరండి.

పిల్లలతో వెళ్లేవాళ్లు నీళ్లు, టోపీలతో పాటు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఎవరైనా తెలియని కాయ మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. 108కు ఫోను చేసి, ఆకు, కాయ ఉన్న కొమ్మను సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుకు మీ వర్ణన కంటే ఆ కొమ్మే ఎక్కువ ఉపయోగపడుతుంది. కలివి, మొర్రి, ఈత కోసమైతే మే నెల. పండిన ముష్టిని, చిల్లను పక్కపక్కన పెట్టి చూడాలంటే చలికాలంలో వెళ్లాలి. మా మేనకోడలు చలికాలం సెలవులకే మళ్లీ టికెట్టు చూస్తోంది.