ఒక అల్మరా, నాలుగు మాయాబజార్లు

రాజమండ్రిలో మా హాల్లో టీవీ పక్కన ఐదు అరల టేకు అల్మరా ఉంది. నాన్న పుస్తకాల కోసం చేయించుకున్నారు. 1992లో అందులోకి మొదటి వీడియో క్యాసెట్ చేరింది. ఆ తర్వాత పుస్తకాలు ఒక్కో అరే ఖాళీ చేసి లోపలి గదికి వెళ్లిపోయాయి. ఇప్పుడు పై అరలో నలభై రెండు క్యాసెట్లు, కింద రెండు అరల నిండా వీసీడీలు (సీడీల్లో ఎక్కించిన సినిమాలు), తర్వాత డీవీడీలు, అట్టడుగున డీవీడీ కంటే స్పష్టంగా చూపించే బ్లూరే డిస్కులు ముప్ఫై దాకా, వాటి వెనకాల గుడ్డ సంచిలో ఒక హార్డ్ డిస్క్. ముప్ఫై ఏళ్లకు పైగా కొంటూ, చూస్తూ, తుడుస్తూ వచ్చాను. ఇందులో ఏది నిలబడిందో, ఏది ముంచిందో నాకు బాగా తెలుసు.

ఇంటికొచ్చినవాళ్లు "ఇవన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి కదండీ" అంటారు. సినిమా పేరు దొరుకుతుంది, నిజమే. ఆ పేరు కింద ఏ సినిమా ఉందన్నది వేరే సంగతి. మా ఇంట్లో మాయాబజార్ (1957) నాలుగు రూపాల్లో ఉంది. నాలుగింటినీ వరసగా చూస్తే నాలుగు వేరు వేరు సినిమాలు చూసినట్టుంటుంది. అందుకే మిగతా అల్మరా అంతటినీ నేను దానితోనే కొలుస్తాను.

మొదటిది టేపు. కువైట్ నుంచి బాబాయి తెచ్చిన వీసీఆర్‌లో మూడు గంటల క్యాసెట్ పెట్టి, దూరదర్శన్‌లో వేసిన రోజు నాన్న రికార్డు చేశారు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా పాజ్ నొక్కడానికి రిమోట్ పట్టుకుని టీవీ ముందే కూర్చున్నారు. సినిమాయే మూడు గంటల పైచిలుకు, నొక్కడం అక్కడక్కడా ఆలస్యమైంది. పెళ్లి పీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణకుమారుణ్ణి హడలగొడుతుండగానే టేపు అయిపోయింది. శకుని సత్యపీఠం ఎక్కి తన కుట్రంతా తానే కక్కేసే ఘట్టం మా టేపులో లేదు. ఎనిమిదేళ్లు నాకు ఆ సినిమా లక్ష్మణకుమారుడిగా వేసిన రేలంగి కేకల దగ్గరే ముగిసింది. తర్వాత వీసీడీ కొన్నప్పుడు శకునిగా సీఎస్సార్ ఆంజనేయులు ఆ పీఠం మీద నిలబడటం మొదటిసారి చూసి, వంటింట్లో ఉన్న అమ్మను కేకేసి పిలిచాను.

టేపు మన్నిక గురించి చెప్పాలి. గోదావరి పక్కన ఊరు, వానాకాలం వస్తే గోడలే చెమ్మగిల్లుతాయి. క్యాసెట్ లోపల టేపు చుట్ట అంచున తెల్లటి బూజు పడుతుంది. చూసుకోకుండా మెషీన్లో పెడితే ఆ బూజు టేపును చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌ని కూడా పాడు చేస్తుంది. అందుకని ఏ క్యాసెట్ అయినా ముందు ట్యూబ్‌లైట్ కింద మూత ఎత్తి చూసి, తర్వాతే లోపలికి తోస్తాను. నిలువుగా పెట్టడం, ఏడాదికోసారి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పడం, అరలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయడం: ఇవి చేసినవి ముప్ఫై నాలుగు క్యాసెట్లు ఇప్పటికీ ఆడుతున్నాయి. మంచం కింద అట్టపెట్టెలో ఉండిపోయిన ఎనిమిది పోయాయి. అసలు చిక్కు మెషీన్‌తోనే. వీసీఆర్లు తయారు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. నా దానికి బెల్టు రెండుసార్లు మార్పించాను. ఇంట్లో క్యాసెట్లు ఉన్నవాళ్లు ఎవరైనా సరే, వాటిలో ఉన్నది ఈ ఏడాదే కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకోండి. మెషీన్ పోయాక టేపు బాగున్నా ఉపయోగం లేదు.

వీసీడీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మాయాబజార్ మూడు డిస్కులు. మాట సగంలో ఆగిపోతుంది, లేచి డిస్కు మార్చాలి. బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. పగటి దృశ్యాలు ఫరవాలేదు. రాత్రి, వాన, పొగ వస్తే తట్టుకోలేదు. శంకరాభరణం (1980) వీసీడీలో శంకరశాస్త్రి వానలో నిలబడి పాడే చోట బాలు మహేంద్ర తీసిన ఆ చీకటంతా నల్ల గళ్లుగా విరిగిపోయింది, వాన ధారలు చతురస్రాలయ్యాయి. ఆ డిస్కు నేను రెండోసారి పెట్టలేదు. దానికి తోడు కొన్ని కంపెనీలు తెర మూలన తమ బొమ్మ సినిమా పొడుగునా అతికించేవి. సావిత్రి ముఖం దగ్గరగా చూపించేటప్పుడు ఆమె చెంప మీద కంపెనీ గుర్తు ఉంటే ఎంత బాధగా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. అయినా వీసీడీలంటే నాకు కృతజ్ఞతే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక, నాలాంటి నెలజీతం వాడికి దొంగ డిస్కు జోలికి పోకుండా అసలు డిస్కు కొనుక్కునే వీలు దొరికింది. నా అల్మరాలో సగం ఆ రెండు మూడేళ్లలో నిండిందే.

ఇక డీవీడీ. ఇక్కడే కాస్త ఆగాలి.

అమ్మకు హార్మోనియం వచ్చు. "లాహిరి లాహిరి" ఆమె పెళ్లికాక ముందు రేడియోలో రికార్డు వింటూ నేర్చుకుంది. ఇంట్లో టేపు పెట్టినప్పుడు హార్మోనియం మెట్ల మీద చేయి పెట్టి కలిపి వాయించబోయేది. కలిసేది కాదు. "ఏరా, శ్రుతి పెరిగిందేంట్రా? ఘంటసాల గారి గొంతు ఇంత సన్నగా ఉండదు" అనేది. మెషీన్ వేగంగా తిరుగుతోందేమోనని మెకానిక్‌కి చూపించాను. బాగానే ఉందన్నాడు. వీసీడీ తెచ్చాక కూడా అదే మాట. నాన్నా నేనూ అమ్మ చెవినే తప్పు పట్టాం.

2005లో తమ్ముడు న్యూజెర్సీ నుంచి వస్తూ అక్కడి ఇండియన్ కిరాణా షాపులో మాయాబజార్ డీవీడీ కొనుక్కొచ్చాడు. ఆ రాత్రి పాట వస్తుంటే అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, హార్మోనియం తెరిచి, ఒక్క మెట్టు నొక్కి పట్టుకుంది. కలిసింది. పాట అయ్యేదాకా చేయి తీయలేదు. పి.లీల గొంతు ఆగాక, "ఇదీ పాట" అని మూత వేసింది.

కారణం నాకు తర్వాత తెలిసింది. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 బొమ్మలతో తీస్తారు. మన టీవీ పద్ధతి, పాల్ అంటారు, సెకనుకు 25 ఫ్రేములు. అందుకని సినిమాను కొంచెం తొందరగా తిప్పి టీవీకి సరిపెట్టేవాళ్లు. అది నాలుగు శాతం తేడా. మూడు గంటల సినిమాలో ఏడు నిమిషాలు తగ్గుతాయి, శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టుకు కాస్త తక్కువగా పైకి జరుగుతుంది. అమెరికా టీవీ పద్ధతి, ఎన్‌టీఎస్‌సీ, ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చూపిస్తూ సరిపెట్టుకుంటుంది కాబట్టి వేగం మారదు. అంటే పదమూడేళ్లు అమ్మ చెవే సరిగ్గా విన్నది. పాటల కోసం పాత సినిమాలు పోగుచేసేవాళ్లు అట్ట మీద పాల్ అని ఉందా ఎన్‌టీఎస్‌సీ అని ఉందా చూసి తీసుకోండి. మన సినిమాల డీవీడీలు చాలావరకు ఏ దేశపు ప్లేయర్‌లోనైనా ఆడతాయి. సాగర సంగమం (1983) నేను ఈ ఒక్క కారణానికే మళ్లీ కొన్నాను. ఇళయరాజా పాటలకు ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చు.

నాలుగో మాయాబజార్ 2010లో వచ్చిన రంగుల ప్రతి. థియేటర్లో రెండుసార్లు చూశాను. ఘటోత్కచుడి విందులో లడ్డూలు, గారెలు రంగుల్లో కనిపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ పని చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. కానీ "భళి భళి భళి దేవా", "విన్నావటమ్మా యశోదమ్మా" పాటలు తీసేశారు. పద్యాలు చాలావరకు పోయాయి. పద్యం లేని మాయాబజార్ మా ఇంట్లో నడవదు. పద్యం అందుకోగానే నాన్న చేతిలో పేపరు పక్కన పెట్టేసేవారు. అందుకే రంగుల ప్రతి హార్డ్ డిస్క్‌లో ఉంచుకున్నా, చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు మాత్రం నలుపు తెలుపు డీవీడీనే పెడతాను. కెమెరామన్ మార్కస్ బార్ట్లీ వెన్నెలకు రంగు అక్కర్లేదు కూడా. ఒక చిన్న మాట: ఆ సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. కొత్త టీవీల్లో అటూ ఇటూ నల్లగా ఉందని తెర నిండా సాగదీయకండి. ఎస్వీ రంగారావు గారికి ఉన్న భారీతనం చాలు.

వెడల్పు బొమ్మది దీనికి తిరగేసిన కష్టం. అల్లూరి సీతారామరాజు (1974) తెలుగులో మొదటి సినిమాస్కోప్. కృష్ణ గారు అంత సాహసం చేసి తీసిన ఆ వెడల్పును పాత టీవీ చట్రంలో పట్టించడానికి వీసీడీలో అటూ ఇటూ కోసేశారు. లెక్క వేస్తే నూటికి నలభై వంతుల బొమ్మ లేదు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుతుంటే మధ్యలో చెట్టు కనిపిస్తుంది, మనుషుల ముక్కులు కనిపిస్తాయి. శ్రీశ్రీ గారి "తెలుగు వీర లేవరా" పాటలో కొండ వరస మీద జనం ఎంతమంది ఉన్నారో నాకు పూర్తి వెడల్పు ప్రతి దొరికాకే తెలిసింది. స్కోప్ సినిమా కొనేముందు అట్ట వెనక వైడ్‌స్క్రీన్ అని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే డబ్బులు మిగుల్చుకోండి.

నేను బాగా దెబ్బతిన్నది హార్డ్ డిస్క్‌తో. 2014లో చోటు కలిసొస్తుందని రెండు వందల సినిమాలు ఒక్క డిస్క్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ పెట్టుకోలేదు. సంక్రాంతి ముందు రోజు ప్లగ్ పెడితే టిక్కు టిక్కుమని శబ్దం, అంతే. డేటా తీసే షాపుకి ఇచ్చాను, డబ్బులు తీసుకుని ఖాళీ చేతులతో పంపారు. సినిమాలన్నీ డిస్కుల్లో ఉన్నాయి కనుక మళ్లీ ఎక్కించుకున్నాను, ఆరు నెలలు పట్టింది. మళ్లీ రానిది ఒక్కటే. నాన్న టీవీలో పట్టిన ఒక హరికథ. క్యాసెట్ నుంచి ఎక్కించేశాను కదా అని ఆ క్యాసెట్ పారేశాను. ఆ సంగతి నాన్నకు చెప్పడానికి వారం పట్టింది. అప్పటి నుంచి ప్రతిదీ రెండు డిస్కుల్లో ఉంటుంది, రెండోది వైజాగ్‌లో చెల్లెలింట్లో. ఉగాదికీ దసరాకీ రెండూ తిప్పి చూస్తాం. ఏదీ పారేయను.

ఇంట్లో రాసుకున్న డిస్కులు కూడా నమ్మకం లేనివే. కంపెనీ ముద్రించిన 2003 నాటి డీవీడీలు ఇప్పటికీ కిక్కురుమనకుండా ఆడుతున్నాయి. 2009లో నేను కంప్యూటర్లో రాసుకున్నవి ఐదారేళ్లకే సగం పోయాయి. కాగితం లేబుల్ అంటించినవి ఇంకా ముందే పోయాయి. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పొద్దు, నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవాలి.

ఫోన్, టీవీ యాప్‌లు నేనూ వాడతాను. కొత్త సినిమాలకు వాటంత సుఖం లేదు. కానీ పాతవి ఈ నెల ఉంటాయి, వచ్చే నెల ఉండవు. కిందటేడు నర్తనశాల (1963) చూద్దామని చుట్టాలందరం కూర్చున్నాక ఆ యాప్‌లో అది లేదు. అంతకు ముందు వారమే చూసిన గుర్తు. లేచి నాలుగో అరలోంచి డీవీడీ తీశాను, ఐదు నిమిషాల్లో పేర్లు పడుతున్నాయి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రింటు ఒక్కటీ మిగల్లేదన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, మన చేతికి అందిన వాటినైనా పట్టుకోవాలనిపిస్తుంది.

మా ఇంట్లో ఎక్కువగా తిరిగిన డిస్క్ మాయాబజార్ కాదు, గుండమ్మ కథ (1962). సూర్యకాంతం గారు తెర మీదికి రాగానే అమ్మమ్మ సర్దుకుని కూర్చునేది. దాని అట్ట రెండుసార్లు చిరిగితే ప్లాస్టిక్ టేపు అంటించాను. తర్వాత జంధ్యాల గారి అహ నా పెళ్లంట (1987). జ్వరం వచ్చినా, కరెంటు పోయి వచ్చినా, అదే. కోట గారు కోడిని వేలాడదీసుకుని అన్నం తినే చోట మా అబ్బాయి ఆరేళ్లప్పుడు పెట్టిన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. బ్లూరేల మీద పెద్దగా ఖర్చు పెట్టలేదు. నాకు కావలసిన పాత తెలుగు సినిమాలు ఆ రూపంలో చాలా తక్కువ.

ఒక్క లోటు మాత్రం తీరలేదు. మల్లీశ్వరి (1951). బి.ఎన్.రెడ్డి గారు అంత శ్రద్ధగా తీసిన సినిమా, దేవులపల్లి వారి పాటలు, సాలూరి వారి సంగీతం. నా దగ్గరున్న టేపు, వీసీడీ, రెండు డీవీడీలు, నాలుగూ అలుక్కుపోయిన ప్రింటు నుంచి తీసినవే. భానుమతి గారి కళ్లు కనిపించాల్సిన చోట తెల్లటి మసక. మంచి నెగెటివ్ నుంచి శుభ్రం చేసిన ప్రతి ఎవరైనా తెస్తే ఐదోసారీ కొంటాను. నాలుగో అరలో ఎడమవైపు దానికి చోటు వదిలి పెట్టాను.