ఫాక్‌లాండ్స్: ముందే కాపలానా, పోయాక పోరాటమా?

ఫాక్‌లాండ్స్ దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలోని దీవులు; బ్రిటన్‌కు సుమారు 13,000 కి.మీ. దూరం. అవి తమవని అర్జెంటీనా అంటుంది, 1982లో దాడి చేసి ఆక్రమించింది కూడా. అలాంటి దీవులకు ముందే ఓడలు పంపాలా, పోయాక వెళ్లి తెచ్చుకోవాలా? బ్రిటన్ 1977లో మొదటిది చేసింది, 1982లో రెండోది.

ఖర్చు: 1977లో ఒక అణు జలాంతర్గామి, రెండు ఫ్రిగేట్లు (మధ్యస్థాయి యుద్ధనౌకలు). 1982లో వందకు పైగా ఓడలు, ప్రయాణికుల నౌక క్యాన్‌బెరాతో సహా. అంతకుముందు ఏడాదే, ఏటా సుమారు 20 లక్షల పౌండ్లు మిగులుతాయని అక్కడ తిరిగే ఎండ్యూరెన్స్ ఓడను తీసేస్తామన్నారు. కక్కుర్తి అంటే ఇదే! అర్జెంటీనాకు మాత్రం అది వేరేలా వినిపించింది: బ్రిటన్‌కు ఈ దీవులు అక్కర్లేదని.

రిస్క్: ముందే పంపితే రెచ్చగొట్టినట్టవుతుందని 1977లో రహస్యంగా పంపారు. తెలియని కాపలాకు అవతలివాడెలా భయపడతాడో! పోయాక వెళ్తే? 74 రోజుల్లో 255 మంది బ్రిటిష్ వాళ్లు, 649 మంది అర్జెంటీనా వాళ్లు, ముగ్గురు దీవివాసులు చనిపోయారు.

బాధ్యత: బ్రిటన్ విదేశాంగ మంత్రి క్యారింగ్టన్ రాజీనామా చేశారు. 1983లో దీనిపై విచారణ చేసిన ఫ్రాంక్స్ కమిటీ మాత్రం దాడికి ప్రభుత్వాన్ని తప్పుపట్టలేదు. నాకది మెత్తని తీర్పే.

అర్జెంటీనాతో చర్చలు సాగుతున్నంతకాలం జలాంతర్గామి చాలు. అవతల సైనిక జుంటా (సైన్యాధికారుల పాలక బృందం) ఇంట్లో గొడవలతో సతమతమవుతుంటే, కంటికి కనిపించే కాపలా కావాలి. రెండో దారికి విమానవాహక నౌకలు చేతిలో ఉండాలి. వాటిలో ఒకటైన ఇన్విన్సిబుల్‌ను ఆస్ట్రేలియాకు అమ్మేందుకు అప్పటికే ఒప్పుకున్నారు! గెలిచాక బ్రిటన్ మొదటి దారికే వచ్చింది: 1985లో మౌంట్ ప్లెజంట్ ఎయిర్‌బేస్ తెరిచింది.