మాల్దీవుల బడికి ఇంగ్లీషు సామగ్రి: పెట్టెలో ఏది పెట్టాలి, ఏది మానాలి

విదేశంలో ఇంగ్లీషు చెప్పేందుకు మొదటిసారి బయలుదేరే ఉపాధ్యాయులు కోఠిలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో కనబడిన బోధనా సామగ్రినంతా కొని పెట్టెలు నింపుకోవడం, తీరా విమానాశ్రయంలో తూకం దగ్గర సగం బయటికి తీసి సాగనంపడానికి వచ్చినవారి చేతిలో పెట్టడం మామూలుగా జరిగేదే. ఆ సామగ్రిలో తరగతి గదిలో అక్కరకొచ్చేది ఏదో, మోత బరువుగా మిగిలిపోయేది ఏదో మాల్దీవుల బడులను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ పరిశీలిస్తున్నాను. కేరళ, తమిళనాడులతో పాటు తెలుగు ప్రాంతాల నుంచి కూడా ఉపాధ్యాయులు ఆ దేశానికి వెళ్ళడం చాలాకాలంగా ఉన్నదే కనుక, ఈ సమీక్ష వల్ల నేరుగా ప్రయోజనం పొందేవారు మనలో కొందరైనా ఉంటారు.

ముందు అక్కడి పరిస్థితి కొంత తెలియాలి. దాదాపు 1,200 దీవులున్న ఆ దేశంలో మనుషులు నివసించేవి 200 లోపే. బడుల్లో స్థానిక భాష అయిన దివేహి, ఇస్లాం పాఠాలు మినహా మిగిలిన పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతాయి. పై తరగతుల పిల్లలు బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ సంస్థ నడిపే పరీక్షలకు సిద్ధమవుతారు. మనం కొత్తగా వెళ్ళినప్పుడు మనకు దివేహి రాదు, పిల్లలకు తెలుగు రాదు. కాబట్టి మన ఊరి బడిలో చేసినట్టు మాటకు మాతృభాషలో అర్థం చెప్పి ముందుకు సాగిపోయే వీలుండదు. తిండి సరుకుల దగ్గర నుంచి కాగితం వరకు దాదాపు ప్రతిదీ దిగుమతి అయ్యేదే గనుక, రాజధాని మాలేలో దొరికే వస్తువు దూరపు దీవిలోని చిన్న దుకాణంలో దొరుకుతుందన్న హామీ లేదు. పైగా ఏడాది పొడవునా ఉండే ఉక్కపోత, ఉప్పుగాలి కాగితానికీ జిగురుకూ బద్ధశత్రువులు. ఈ పరిస్థితిలో ఒక వస్తువును పెట్టెలో పెట్టేముందు నేను చూసేది ఒక్కటే: ఆ వస్తువు ఎదుట ఉంటే పిల్లవాడు తనంతట తాను ఒక ప్రశ్న అడుగుతాడా? అడగడనుకుంటే అది ఎంత అందంగా ఉన్నా దానికి చోటు ఇవ్వనక్కర్లేదు.

అందరూ ముందుగా కొనేవి బొమ్మ కార్డుల సెట్లు. జంతువులు, పండ్లు, వాహనాలు, మనకు సాయపడేవారు అన్న పేర్లతో అట్ట పెట్టెల్లో వచ్చే ఈ సెట్లు చవకైనవే, ముద్రణ కూడా ఇటీవల బాగుపడింది. అయితే వీటిలో రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది, బొమ్మ కిందనే పెద్ద అక్షరాలతో పేరు ఉండటం; పిల్లవాడు బొమ్మను చూసి మాటను గుర్తు తెచ్చుకోవలసిన చోట అక్షరాలు కూడబలుక్కుని చదివేస్తాడు. రెండోది, సెట్టు మొత్తం నామవాచకాలే కావడం. ఏనుగు, అరటిపండు, పోస్టుమాన్ అని వరుసగా చెప్పించవచ్చు గానీ వాటితో ఒక వాక్యం కట్టించాలంటే క్రియలు వేరే వెతుక్కోవాలి. పరుగెత్తడం, ఈదడం, వంట చేయడం, వల లాగడం వంటి పనులు చూపే కార్డులున్న సెట్టు దొరికితే మిగిలినవన్నీ వదిలేసి అదొక్కటే కొనడం మేలు. నామవాచకాల సెట్టే తీసుకోవలసి వస్తే కింది పేరును కత్తిరించి, వెనకవైపు పెన్సిలుతో రాసుకుంటే కార్డుకు సగం విలువ తిరిగి వస్తుంది.

ఈ సెట్ల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. మద్యం, పంది మాంసం, పూజా విగ్రహాలు, ఇస్లాంకు విరుద్ధమని భావించే సామగ్రి మాల్దీవుల్లోకి తీసుకెళ్ళడం నిషిద్ధం. కార్డు మీది పంది బొమ్మ సుంకాధికారులకు పట్టకపోవచ్చు గానీ, తరగతిలో అది అనవసరమైన ఇబ్బంది తెస్తుంది. మన మార్కెట్లో దొరికే అక్షరమాల చార్టుల్లో చాలావాటిలో పీ దగ్గర పందీ, ఎక్స్ దగ్గర క్రిస్మస్ చెట్టూ కనిపిస్తాయి. పండుగల కార్డుల్లో దేవుళ్ళ బొమ్మలు ఉంటాయి. ఇంట్లోనే ఒకసారి పేర్చి చూసుకుని అలాంటివి పక్కన పెట్టాలి. గోడకు తగిలించే పెద్ద చార్టులను నేను అసలే సిఫారసు చేయను: చుట్టి గొట్టంలో పెట్టినా నలుగుతాయి, తేమకు అంచులు లేచిపోతాయి, పైగా అటువంటివి చాలా బడుల గోడల మీద ముందే ఉంటాయి.

కాగితానికి ప్లాస్టిక్ పొర వేయించడం, అంటే లామినేషన్, తేమకు మంచి మందే గాని దాని బరువును చాలామంది లెక్కలోకి తీసుకోరు. మామూలు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే) ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు తూగుతుంది. రెండు వైపులా 125 మైక్రాన్ల మందం పొర వేస్తే అదే కాగితం 20 గ్రాములు దాటుతుంది. అంటే వంద కాగితాలు అరకిలో నుంచి రెండు కిలోల పైకి వెళ్తాయి. నేను పని చేయించుకున్న ఒక దుకాణంలో డబ్బు మిగులుతుందని ఒకే పెద్ద పొరలో నాలుగు కార్డులు పెట్టి, తర్వాత బొమ్మ అంచు దాకా కోసి ఇచ్చారు. పక్కన అతుకు లేకపోవడంతో సముద్రపు గాలికి తేమ లోపలికి చేరి కార్డులు పుస్తకంలా రెండు పొరలుగా విడిపోయాయి. కోసిన తర్వాత కూడా చుట్టూ కనీసం మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు మిగలాలని ముందే చెప్పి, దగ్గరుండి చేయించుకోవాలి. ఏడాది పొడవునా వాడే కొద్ది కార్డులకు మాత్రమే ఈ ఖర్చు పెట్టి, మిగిలినవాటిని జిప్ కవర్లలో తేమ పీల్చే సిలికా పొట్లాలతో సర్దితే చాలు. కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేయవద్దు. కొన్ని నెలలకే కరిగి కార్డులకు అంటుకుంటాయి. నూలు దారం నయం.

ఇక పుస్తకాల సంగతి. వ్యాకరణానికి రెండు పుస్తకాల పేర్లు అందరి నోటా వినిపిస్తాయి. రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లీష్ గ్రామర్ ఇన్ యూజ్’ 1985లో మొదటిసారి వెలువడింది. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసం అన్న దాని అమరిక ఇప్పటికీ సాటిలేనిదే. కానీ అది మధ్యస్థాయి విద్యార్థి తనంతట తాను చదువుకోవడానికి రాసినది. చిన్న తరగతి పిల్లల ముందు దాన్ని తెరిచి ప్రయోజనం లేదు. మైకేల్ స్వాన్ రాసిన ‘ప్రాక్టికల్ ఇంగ్లీష్ యూసేజ్’ ఉపాధ్యాయుడి సందేహాలకు జవాబిచ్చే పుస్తకం. 2016లో వచ్చిన నాలుగో కూర్పులో వ్యాకరణ భాగాన్ని విషయాల వారీగా తిరిగి అమర్చారు. కొత్తవారికి ఈ అమరికలో వెతుక్కోవడం సులువు. మన నోట్లో నానిపోయిన ‘డిస్కస్ అబౌట్’, ‘కోప్ అప్ విత్’, ‘రిటర్న్ బ్యాక్’ వంటి తప్పు ప్రయోగాలను మనమే పిల్లలకు అంటించకుండా ఉండాలంటే ఇటువంటి పుస్తకం ఒకటి అందుబాటులో ఉండటం అవసరం. పై తరగతులకు వెళ్ళేవారు స్వాన్ పుస్తకం ఒక్కటి తీసుకెళ్ళాలి. చిన్న తరగతులకు వెళ్ళేవారు రెండింటినీ ఇంట్లోనే ఉంచవచ్చు. పిల్లల కథల పుస్తకాలు కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి ఏరుకోవచ్చు. పలుచగా, పేజీకి రెండు మూడు వాక్యాలకు మించకుండా, బొమ్మను బట్టి తర్వాత ఏమవుతుందో ఊహించే వీలున్నవి నాలుగైదు చాలు.

ఇప్పటిదాకా చెప్పిన వస్తువులన్నింటికంటే నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది డబ్బు పెట్టి కొననక్కర్లేని కాగితాలకు: రైలు టికెట్టు, రైళ్ళ సమయ పట్టిక, ఆర్టీసీ బస్సు టికెట్టు, టిఫిన్ హోటల్ ధరల పట్టిక, కిరాణా బిల్లు, సినిమా టికెట్టు. మాల్దీవుల్లో రైలు లేదు, నది లేదు, కొండ లేదు. ఆ దేశంలో అత్యంత ఎత్తైన సహజ ప్రదేశం కూడా రెండున్నర మీటర్లకు మించదు. అటువంటి చోట పుట్టి పెరిగిన పదేళ్ళ పిల్లవాడి చేతిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ సమయ పట్టిక పెడితే అడగవలసినవన్నీ అతనే అడుగుతాడు. రాత్రంతా నడుస్తుందా, పడుకోవడానికి చోటుంటుందా, ఇన్ని ఊళ్ళలో ఆగితే ఎప్పటికి చేరుతుంది, మధ్యలో దిగిపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఇంగ్లీషులో, తప్పులతోనే అయినా, వరుసగా వస్తాయి. విశాఖపట్నంలో ఎక్కి రాజమండ్రిలో దిగవలసినవాడు ఒకడు, విజయవాడలో ఎక్కి వరంగల్ వెళ్ళవలసినవాడు ఒకడు అని పిల్లలను జంటలుగా విడదీసి, ఒకరి దగ్గర బయలుదేరే వేళలు, రెండోవారి దగ్గర చేరే వేళలు మాత్రమే ఉంచితే పీరియడ్ అంతా వాళ్ళే మాట్లాడుకుంటారు.

ఇది నా సొంత ఆవిష్కరణ ఏమీ కాదు. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతదేశంలోని కొన్ని సాధారణ బడుల్లో ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రయోగం రైలు సమయ పట్టికలు, పటాలు వంటి వాటితోనే ఇంగ్లీషు నేర్పవచ్చని చూపింది. వ్యాకరణ సూత్రం ముందు చెప్పకుండా, పిల్లలు తేల్చవలసిన ఒక సమస్యను ఇచ్చి, దాన్ని తేల్చే క్రమంలో భాష వంటబట్టేలా చేయడం ఆ ప్రయోగం పద్ధతి. నల్లబల్ల, సుద్దముక్క, కాగితం మించి ఖరీదైన సామగ్రి దానికి అవసరపడలేదు. విదేశాల్లో బోధనకు పనికివస్తుందని చెప్పి రంగురంగుల కిట్లు అమ్మేవారి మాటకు మనం పడిపోనక్కర్లేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. పాత టికెట్ల మీద ప్రయాణికుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే చెరిపేయాలి; వేడితో ముద్రించే (థర్మల్) బిల్లులు త్వరగా వెలిసిపోతాయి కనుక వాటిని జిరాక్స్ తీయించుకుని ఆ నకళ్ళే వాడాలి.

ఇదే కోవలో కొండపల్లి బొమ్మలను కూడా చేర్చవచ్చు. తెల్ల పొణికి కర్రతో చేసినవి కాబట్టి బరువు తక్కువ. దశావతారాల సెట్టు వద్దు. ఎడ్లబండి, అంబారీ ఏనుగు, చెట్టెక్కే కల్లుగీత కార్మికుడు, వంటపని చేసే స్త్రీ వంటి పల్లె జీవితపు బొమ్మలు మంచివి. కల్లుగీత బొమ్మను చూడగానే పిల్లలు పోలిక పడతారు, ఎందుకంటే కొబ్బరిచెట్టెక్కి పులియని తీపి కల్లు దించే వృత్తి వారి దీవుల్లోనూ ఉంది. అక్కడి మనిషి ఎలా ఎక్కుతాడో, ఇక్కడివాడు ఎలా ఎక్కుతాడో చెప్పించడానికి తులనాత్మక వాక్యాలు వాటంతటవే అవసరమవుతాయి. చేతులు, కాళ్ళు త్వరగా ఊడే బొమ్మలివి, కాబట్టి పాత చీర ముక్కల్లో చుట్టి గట్టి డబ్బాలో పెట్టాలి.

పలకల విషయంలో కొంత మోహం వదులుకోవలసి ఉంటుంది. ప్రతి పిల్లవాడూ జవాబు రాసి ఒకేసారి ఎత్తి చూపడానికి పలకను మించినది లేదు, కానీ మార్కాపురం పలకలు మనకు ఎంత ఇష్టమైనా తరగతికి సరిపడా రాతి పలకలు మోయడం అసాధ్యం. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో ఒక తెల్ల అట్ట పెట్టి బోర్డు మార్కరుతో రాయిస్తే అదే పని జరుగుతుంది. పాత బనీను గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇరవై ముప్పై కవర్లు ఒక కిలో కూడా తూగవు. అట్టకు ఒకవైపు నాలుగు గీతలు ముద్రించుకుంటే చేతిరాతకూ పనికొస్తుంది. దివేహి రాసే తానా లిపి కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక, చిన్న తరగతుల్లో పిల్లలు ఒకేసారి రెండు దిశలూ నేర్చుకుంటుంటారు. ఈ కారణంగానే కథను వరుస క్రమంలో పేర్చే బొమ్మ కార్డుల మీద అంకెగానీ, బాణం గుర్తుగానీ వేసుకోవడం మంచిది. లేకపోతే పిల్లవాడు చివరి బొమ్మ నుంచి కథ మొదలుపెట్టే అవకాశం ఉంది, అది అతని తప్పు కూడా కాదు.

ఉచ్చారణకు ప్రత్యేకంగా కొనవలసినవి తక్కువ. చిన్న చేతి అద్దం ఒకటి ఉంటే పెదవి, పళ్ళు ఎక్కడ తాకుతున్నాయో పిల్లలు తామే చూసుకుంటారు. ‘ఎఫ్’ ధ్వని దివేహిలో సహజంగా ఉంది, తెలుగులో లేదు, కాబట్టి అక్కడ అద్దం అవసరం పిల్లలకంటే మనకే ఎక్కువ.

విద్యుత్ పరికరాల్లో చిన్న బ్లూటూత్ స్పీకరు, ఆడియో ఫైళ్ళు నింపిన పెన్‌డ్రైవు తీసుకెళ్ళదగినవి. ఇంటర్నెట్ ఉన్నా లేకున్నా పాఠం ఆగకుండా ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే పాఠ్యపుస్తకాలను కూడా ముందే దించుకుని పెట్టుకోవచ్చు. వాటిలో బొమ్మలు బాగుంటాయి, అభ్యాసాలు మాత్రం మన దేశపు పిల్లలను ఉద్దేశించినవి గనుక మార్చుకోవాలి. ప్రొజెక్టరు, చేతి లామినేషన్ యంత్రం వంటివి వద్దు. అక్కడి కరెంటు మనలాగే 230 వోల్టులే గానీ ప్లగ్గులు ఎక్కువచోట్ల బ్రిటిష్ తరహా చదరపు మూడు పిన్నులవి, అందువల్ల మార్పిడి ప్లగ్గు రెండు కొనుక్కోవాలి.

సర్దేటప్పుడు పవర్‌బ్యాంకు, పెన్‌డ్రైవు, మొదటి వారం పాఠాలకు కావలసిన టికెట్లు, కవర్లు, మార్కర్లు చేతి సంచిలో ఉండాలి. కత్తెర మాత్రం పెద్ద పెట్టెలోనే పెట్టాలి. మాలే నుంచి దీవికి స్పీడ్‌బోటులో వెళ్ళేటప్పుడు సామాను మీద నీళ్ళు చిమ్మడం మామూలే, అందుకని కాగితాలున్న సంచికి లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి వేసి మూతి బిగించి కట్టాలి.